అరువు నోటితో పరాయి దేశంలో

జర్మనీలో కోర్టుల నుంచి, ప్రభుత్వ ఆఫీసుల నుంచి వచ్చే కొన్ని ఉత్తరాలు పసుపు రంగు కవర్లో వస్తాయి. పోస్ట్‌మ్యాన్ తలుపు కొడతాడు. ఎవరూ పలక్కపోతే కవరు మీద ఆ రోజు తేదీ పెన్నుతో రాసి, డబ్బాలో పడేసి వెళ్ళిపోతాడు. అంతే, చట్టం లెక్కలో ఆ ఉత్తరం మీకు అందినట్టే. మీరు తెరిచారా, చదివారా, అందులో ఉన్నది అర్థమైందా అన్నది ఎవరికీ పట్టదు. గడువు ఆ పెన్ను తేదీ నుంచే మొదలవుతుంది. లోపల ఉన్నది బాకీ కట్టమని కోర్టు ద్వారా వచ్చిన నోటీసు అయితే, "ఈ బాకీ నాది కాదు" అని చెప్పుకోవడానికి ఉండేది 2 వారాలు. అది దాటితే అవతలివాళ్ళు వసూలు ఆర్డరు తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు ఆ కవరు అందుకున్న మనిషిని ఊహించుకోండి. మూడేళ్ళుగా అక్కడే ఉద్యోగం. ఆఫీసులో అంతా ఇంగ్లీషే. సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటర్ దగ్గర నాలుగు ముక్కలు చాలు, అవి వచ్చు. కవరు చూడగానే కాస్త టెన్షన్ పడతాడు. తెరిచి చూస్తే నాలుగు పేజీలు, గళ్ళు, సెక్షన్ నంబర్లు. "సోమవారం ఆఫీసులో ఎవరి చేతైనా చదివించుకుందాం" అని పక్కన పెడతాడు. సోమవారం ఎప్పుడూ సాయం చేసే ఆ సహోద్యోగి లీవు. ఇంకొకరిని అడగాలంటే మొహమాటం. బాకీ గొడవ అందరికీ ఎందుకు తెలియాలి? అలా పది రోజులు గడిచిపోతాయి.

స్థానిక భాష రాకుండా విదేశంలో బతకొచ్చా అని ఎవరైనా అడిగితే, బతకొచ్చు అనే చెప్పాలి. లక్షల మంది బతుకుతున్నారు, బాగానే బతుకుతున్నారు. కానీ వాళ్ళు భాష లేకుండా బతుకుతున్నారనడం పూర్తి నిజం కాదు. అరువు నోటితో బతుకుతున్నారు. ఒక పనికి సహోద్యోగి నోరు, ఒక పనికి భార్యదో భర్తదో నోరు, ఒక పనికి బడికెళ్ళే పిల్లల నోరు, మిగతా వాటికి ఫోన్లో యాప్. చేబదులు లాగే ఇదీ నడిచినంత కాలం బాగా నడుస్తుంది. కొన్ని పనులు మాత్రం అరువు నోటితో జరగవు. అవి ఏవి, ఎందుకు జరగవు అన్నది తెలుసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

"భాష వచ్చా?" అన్న ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. భాషను ఒకే వస్తువులా చూస్తుంది అది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానంలో అన్నిటికన్నా కిందిదైన ఏ1 నుంచి పైదైన సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. వీసా కాగితాల్లో కనిపించే ఏ1, బీ1, బీ2 అక్కడివే. ఆ కొలమానం వినడాన్ని, చదవడాన్ని, మాట్లాడటాన్ని, రాయడాన్ని విడివిడిగా చూస్తుంది. ఒకే మనిషి చదవడంలో బీ2, మాట్లాడటంలో ఏ2 కావచ్చు. జపాన్ భాషా పరీక్ష జేఎల్‌పీటీ తీసుకోండి. ఎన్5 నుంచి ఎన్1 దాకా ఏ మెట్టులోనూ మాట్లాడే పరీక్ష లేదు, రాసే పరీక్షా లేదు. అన్నిటికన్నా పైదైన ఎన్1 సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాళ్ళు కూడా బ్యాంకు కౌంటర్ దగ్గర నీళ్ళు నమలొచ్చు. దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. నిర్మాణ పనుల్లో నాలుగేళ్ళు తోటివాళ్ళతో కలిసి పనిచేసి గడగడా మాట్లాడేవాళ్ళు, చేతికి ఒక ఫారం ఇస్తే తెల్లమొహం వేస్తారు.

మాట వచ్చి కాగితం చదవలేని ఈ స్థితి మీద కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979 నుంచి రాసిన వాటిలో ఒక సంగతి స్పష్టంగా చెప్పాడు. ఆయన చూసింది వలస కుటుంబాల పిల్లల్ని. ఆటల్లో, మాటల్లో పనికొచ్చే భాష సుమారు రెండేళ్ళలో పట్టుబడుతుంది. పాఠ్యపుస్తకం భాషలో తోటి పిల్లల్ని అందుకోవడానికి మాత్రం ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. మొదటి రకం మాటలకు ఎదురుగా ఉన్న మనిషి మొహం, చేతులు, సందర్భం అన్నీ సాయం చేస్తాయి. రెండో రకంలో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. పెద్దవాళ్ళ జీవితంలో పాఠ్యపుస్తకం స్థానంలో ఇన్సూరెన్స్ ఉత్తరం, అద్దె అగ్రిమెంటు, టాక్స్ నోటీసు ఉంటాయి. ఇక్కడే ఒక తమాషా జరుగుతుంది. కాస్త బాగా మాట్లాడటం వచ్చినవాళ్ళకే ఎక్కువ ప్రమాదం. "అబ్బ, మా భాష ఎంత బాగా మాట్లాడుతున్నావు" అన్న తర్వాత ఎవరూ నెమ్మదిగా చెప్పరు, అర్థమైందా అని మళ్ళీ అడగరు. మెప్పు పొందిన మనిషి కూడా అర్థం కాలేదని ఒప్పుకోడు.

మాటల లెక్క చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఇంగ్లీషు మీద పాల్ నేషన్ అనే పరిశోధకుడు 2006లో వేసిన లెక్క ప్రకారం, తరచుగా వాడే మొదటి 1000 పదాలూ వాటి రూపాలూ తెలిస్తే మామూలు సంభాషణలో, రాతలో సుమారు 80 శాతం తెలిసిన మాటలే ఉంటాయి. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. అయితే ఈ వాక్యం చూడండి:

"మీరు ఈ నెల 15వ తేదీ లోపు మా ఆఫీసుకు వచ్చి, మీ ____ కాగితాలు మాకు ____ ఇవ్వకపోతే, వచ్చే నెల నుంచి మీ ____ ____ అవుతుంది."

ఐదింట నాలుగు మాటలు తెలుసు. మీరు, నెల, తేదీ, ఆఫీసు, అన్నీ తెలుసు. తెలియనివల్లా ఏ కాగితాలు, ఎలా ఇవ్వాలి, ఏది ఏమవుతుంది అన్నవే. తరచుగా వచ్చే మాటలు వాక్యాన్ని నిలబెడతాయి, అరుదుగా వచ్చే మాటలు సంగతి చెబుతాయి. పెద్దగా తడుముకోకుండా అర్థం కావాలంటే 98 శాతం మాటలు తెలిసి ఉండాలని అదే లెక్క చెబుతుంది. అందుకు వినడానికి 6000 నుంచి 7000, చదవడానికి 8000 నుంచి 9000 పద కుటుంబాలు (ఒక పదమూ దాని రూపాలూ కలిపి ఒక కుటుంబం) కావాలి. 80 నుంచి 98కి వెళ్ళడమంటే, మొదటి వెయ్యి నేర్చుకున్న పనిని మళ్ళీ ఐదారుసార్లో ఏడెనిమిదిసార్లో చేయడం.

ఇక ఫోన్ సంగతి. ఎదురుగా నిలబడితే బండి నడుస్తుంది కానీ ఫోన్ మోగితే చెమటలు పడతాయని చాలామంది అంటారు. అది పిరికితనం కాదు, దానికి కారణాలున్నాయి. పాతకాలం టెలిఫోన్ లైను మనిషి గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న భాగాన్నే మోసేది. స, ఫ లాంటి శబ్దాలను వేరు చేసే సన్నటి సవ్వడి చాలావరకు అంతకంటే పైన ఉంటుంది. మాతృభాషలో ఆ లోటును మెదడు దానంతట అదే పూడుస్తుంది, పరాయి భాషలో పూడ్చలేదు. పైగా పెదాలు కనిపించవు. మనం చెవులతో మాత్రమే వింటామనుకుంటాం గానీ, పెదాల కదలికను మార్చితే వినిపించే అక్షరమే మారిపోతుందని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు చూపించారు. వీటికి అంకెలు తోడైతే చెప్పక్కర్లేదు. జర్మన్‌లో 47ను "ఏడూ నలభై" అంటారు. ఒకట్లు ముందు, పదులు వెనక. ఫ్రాన్స్‌లో 97 అంటే "నాలుగు ఇరవైలు, పది, ఏడు". అవతలివాళ్ళు ఫోన్ నంబరును రెండేసి అంకెలుగా చెప్పుకుపోతుంటే, 7 రాసి పక్కన 4 రాయబోయి, కాదు ముందు రాయాలి కదా అని గుర్తొచ్చేసరికి వాళ్ళు మరో రెండు జతలు దాటేసి ఉంటారు. నా సలహా ఒక్కటే: మాట్లాడటం వచ్చినా అంకెలు వేరే పాఠంగా నేర్చుకోండి. అంకె తప్పు వింటే తేదీ తప్పుతుంది, డబ్బు తప్పుతుంది, మందు మోతాదు తప్పుతుంది.

కాగితం, ఫోన్ గురించి అందరూ హెచ్చరిస్తారు. మధ్యాహ్న భోజనం బల్ల గురించి ఎవరూ చెప్పరు. మీటింగు ఇంగ్లీషులో జరుగుతుంది. మీటింగు ముగిసి లేవగానే గది భాష మారిపోతుంది. అందులో కుట్ర ఏమీ లేదు, అలసిన మనుషులు సొంత భాషలోకి జారుకుంటారు, మనమైనా అంతే చేస్తాం. బల్ల దగ్గర ఆరుగురు కూర్చుంటే, ఏడో మనిషి తెలిసిన భాషే అయినా నోరు మెదపలేకపోతాడు. మాటలు చాలా వరకు అర్థమవుతుంటాయి కూడా. మరి ఎందుకు మెదపలేడు?

పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ఒక పరిశోధక బృందం కొలిచింది. ఒకరు మాట ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే విరామం సగటున 200 మిల్లీసెకన్ల చుట్టూ ఉంది, అంటే సెకనులో ఐదో వంతు. భాషకూ భాషకూ కొద్ది తేడాలే తప్ప ఎక్కడా ఎక్కువ ఎడం లేదు. ఇంకోవైపు, ఒక బొమ్మ చూసి దాని పేరు నోటితో చెప్పడానికి మాతృభాషలో కూడా సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. 600 పట్టే పని 200లో ఎలా అవుతోంది? అవతలి మనిషి వాక్యం ముగించకముందే, అది ఎలా ముగుస్తుందో ఊహించి, మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నాం కాబట్టి. ఇక్కడే కొత్త భాష వాడికి దెబ్బ తగులుతుంది. వాడు వినడంలోనే పూర్తిగా మునిగి ఉంటాడు. ముగింపు ఊహించే తీరిక లేదు. వాక్యం పూర్తయ్యాక అర్థం తేల్చుకుని, తన వాక్యం కూర్చుకుని, క్రియ సరిచూసుకుని నోరు తెరిచేసరికి ఒకటిన్నర సెకను. ఆ లోపు ఇద్దరు మాట్లాడేశారు, సంగతి సెలవుల నుంచి అద్దెల మీదికి వెళ్ళిపోయింది. ఇప్పుడు సెలవుల గురించి చెబితే బాగోదు. నోరు మూసుకుంటాడు. నెల తిరిగేసరికి "ఆయన కాస్త ముభావి" అన్న పేరు వస్తుంది. సొంత ఊళ్ళో ఎంత వాగుడుకాయో పాపం వాళ్ళకేం తెలుసు.

ఇందులో మనం చేయగలిగింది కొంత ఉంది. ఆరుగురి బల్ల కన్నా ఒకరితో నడక మేలు. ఇద్దరే ఉన్నప్పుడు వంతు ఎవరూ లాక్కోరు, అవతలి మనిషి ఆగి తీరాలి. భాష నేర్చుకునే మొదటి ఏడాదిలో గుంపులో కలవలేకపోతున్నానని బాధపడటం, ఈత రాకముందే ఏటికి ఎదురీదలేకపోతున్నానని బాధపడటం లాంటిది.

ఆఫీసులో ఈ ఆలస్యానికి ఖరీదు ఉంది. మాట నెమ్మదైతే బుర్ర నెమ్మది అనుకోవడం మనుషుల్లో పాత జబ్బు. 2010లో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న సాధారణ విషయాలను కొందరు సొంత యాసలో, కొందరు పరాయి యాసలో చదివితే, విన్నవాళ్ళు పరాయి యాసలో విన్నవాటిని కాస్త తక్కువ నమ్మారు. చదివేవాళ్ళు తమ సొంత అభిప్రాయం చెప్పడం లేదని, ఇచ్చింది చదువుతున్నారని తెలిసి కూడా. తర్వాత చేసిన ప్రయోగాలన్నిటిలో ఇదే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని రాతి మీద చెక్కిన సత్యంగా తీసుకోకూడదు. అయినా పరాయి భాషలో ఉద్యోగం చేసిన ఎవరినడిగినా ఇలాంటి అనుభవం ఒకటి చెబుతారు. సొంత దేశంలో ఉండి కూడా ఈ స్థితిలో పడొచ్చు. జపాన్ కంపెనీ రకుటెన్ 2010లో ఆఫీసు భాషను ఇంగ్లీషుగా మారుస్తున్నామని ప్రకటించింది. టోక్యోలో పుట్టి పెరిగిన ఉద్యోగులు టోక్యో ఆఫీసులోనే మాటలు వెతుక్కునే పరిస్థితి వచ్చింది. అంటే ఇది దేశం మారడం వల్ల వచ్చేది కాదు, గదిలో ఏ భాష నడుస్తోందన్న దాన్ని బట్టి వచ్చేది.

గ్రామరు, ఉచ్చారణ సరిపోయినా ఇంకొకటి మిగిలిపోతుంది, మాట బరువు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా 52 విమానం వాతావరణం బాగాలేక చాలాసేపు గాల్లోనే చక్కర్లు కొట్టింది. ఇంధనం అయిపోతోంది. పైలట్లు కింద ఉన్నవాళ్ళకు ఇంగ్లీషులోనే చెప్పారు, "ప్రయారిటీ" కావాలని అడిగారు. "ఎమర్జెన్సీ" అన్న మాట వాడలేదు. కంట్రోలర్ల పద్ధతిలో ఆ రెండో మాట పడితేనే మిగతా విమానాలన్నీ పక్కకు జరుగుతాయి. విమానం ఇంధనం లేక కూలిపోయింది, 158 మందిలో 73 మంది చనిపోయారు. అత్యవసర స్థితిని సిబ్బంది స్పష్టంగా తెలియజేయకపోవడాన్ని దర్యాప్తు ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపింది. మామూలు ఉద్యోగంలో ప్రాణాలు పోవు గానీ సూత్రం అదే. "కాస్త ఇబ్బందిగా ఉంది" అన్న మాట ఒక భాషలో చిన్న ఫిర్యాదు, మరో భాషలో పని ఆపేయమన్నట్టు. "చూద్దాం" అంటే ఒకచోట సరే, ఇంకోచోట కుదరదు. ఈ బరువులు డిక్షనరీలో ఉండవు.

ఆసుపత్రి దగ్గరికి వస్తే అరువు నోరు ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో స్పృహ లేని పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని ఆసుపత్రికి తెచ్చారు. స్పానిష్ మాట్లాడే కుటుంబం "ఇంటోక్సికాదో" అంది. క్యూబా స్పానిష్‌లో ఆ మాటకు తిన్నదో తాగినదో పడలేదని అర్థం. డాక్టర్లకు ఇంగ్లీషు మాట "ఇంటాక్సికేటెడ్" వినిపించింది. మత్తుమందులు తీసుకున్నాడనుకుని ఆ వైద్యమే చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది తేలేసరికి ఆలస్యమై, కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. కోర్టు గొడవ ముగిసేసరికి జీవితకాలానికి లెక్కగట్టిన పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లు. దుబాసీని పిలవాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఎవరికీ అర్థం కాలేదన్న అనుమానమే రాలేదు. అర్థం కాకపోవడం కన్నా తప్పుగా అర్థమవడం ప్రమాదం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరి తోడు ఎవరినైనా తీసుకెళ్తే? ఇక్కడ ఒక లెక్క నన్ను ఆశ్చర్యపరిచింది. అమెరికాలో పిల్లల అత్యవసర విభాగాల్లో జరిగిన సంభాషణల మీద 2012లో అచ్చయిన పరిశోధన ఒకటి ఉంది. అనువాదంలో దొర్లిన తప్పుల్లో వైద్యానికి చేటు చేయగలిగినవి ఎన్ని అని చూశారు. శిక్షణ పొందిన దుబాసీ ఉంటే 12 శాతం. బంధువో, పక్కవాళ్ళో చెప్పినప్పుడు 22 శాతం. అసలు ఎవరూ లేనప్పుడు 20 శాతం. అంటే రెండు భాషలూ తెలిసిన చుట్టం వెంట ఉండటం, ఎవరూ లేకపోవడం కన్నా పెద్దగా మేలు చేయలేదు. చుట్టం మంచివాడే. కానీ వాడు నచ్చని సంగతి మింగేస్తాడు, రోగి బదులు తానే జవాబు చెబుతాడు, వైద్యం మాట తెలియకపోతే దగ్గరి మాట వేస్తాడు. పిల్లల్ని ఈ పనికి పెట్టడం ఇంకా తప్పు. తల్లి కడుపులో గడ్డ గురించి పదేళ్ళ పిల్ల తల్లికి చెప్పాల్సి వస్తుంది. అమెరికాలో ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప ఆసుపత్రులు పిల్లల చేత అనువాదం చేయించకూడదని 2016లో నిబంధన పెట్టారు. ఏ దేశంలోనైనా ఈ ఒక్క నియమం ఇంట్లో పెట్టుకోవడం మంచిది: డాక్టరు దగ్గర, బడిలో టీచరు దగ్గర, పోలీసు దగ్గర పిల్లల నోరు అరువు తీసుకోకూడదు.

యాప్‌లు? వాడాల్సిందే, రోజుకు పదిసార్లు వాడండి. ఉత్తరం ఫొటో తీస్తే అది బిల్లా, ప్రకటనా, నోటీసా అని తేల్చుకోవడానికి వాటిని మించింది లేదు. అయితే అన్ని భాషలకూ ఒకే నాణ్యత రాదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే సూచనలను గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో ఇంగ్లీషు నుంచి ఏడు భాషల్లోకి మార్చి 2021లో పరీక్షిస్తే, స్పానిష్‌లో 94 శాతం సరిగ్గా వచ్చాయి, ఆర్మేనియన్‌లో 55 శాతమే. ఆన్‌లైన్‌లో రాత ఎక్కువున్న భాషకు సాయం ఎక్కువ. ఆ పరీక్షలో తెలుగు లేదు, యాప్‌లు అప్పటికీ ఇప్పటికీ చాలా మెరుగుపడ్డాయి కూడా. అయినా తేదీలు, "కాదు", "తప్ప", "లోపు" లాంటి చిన్న మాటలు ఉన్న వాక్యాన్ని ఒకసారి తెలుగులోకి, ఒకసారి ఇంగ్లీషులోకి మార్చి చూడండి. రెండూ ఒకటే చెబితే సరే. వేరుగా చెబితే, ఆ వాక్యం దగ్గరే మనిషి అవసరం పడింది.

ఆ మనిషికి డబ్బు ఎవరివ్వాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. క్రిమినల్ కేసులో మాత్రం స్పష్టత ఉంది. కోర్టు భాష అర్థం కాని నిందితుడికి ఉచితంగా దుబాసీని ఇవ్వాలని పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం 14వ అధికరణం చెబుతోంది. యూరోపియన్ యూనియన్ 2010లో దీనికోసం ప్రత్యేక ఆదేశమే తెచ్చింది. మిగతా చోట్ల తలా ఒక దారి. ఆస్ట్రేలియాలో 1973 నుంచే ఫోన్ దుబాసీ సేవ ఉంది, ఇప్పుడు 131 450కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. డెన్మార్క్‌లో 2018 నుంచి, దేశంలో మూడేళ్ళకు మించి ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో దుబాసీ కావాలంటే సాధారణంగా తామే రుసుము కట్టుకోవాలి. "మూడేళ్ళయ్యాక కూడా నేర్చుకోలేదా?" అన్నదే దాని వెనక ఉన్న మాట. కాగితాల విషయంలో ఇంకో తిరకాసు. రెండు భాషల్లో ఉన్న కాగితంలో ఏది చెల్లుతుందో చూసుకోవాలి. యూఏఈలో ఉద్యోగ ఒప్పందం అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉండి, రెండింటికీ తేడా వస్తే అరబిక్‌లో ఉన్నదే నిలుస్తుంది. మీరు చదివి సంతకం పెట్టింది రెండోది.

ఇంత తెలిసీ జనం ఎందుకు నేర్చుకోరు? బద్ధకం అనేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. లెక్క వేసి చూద్దాం. జర్మనీ ప్రభుత్వం వలసవచ్చినవాళ్ళకు బీ1 లక్ష్యంగా పెట్టే మామూలు కోర్సులో భాషకు 600 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. అంటే 450 గంటలు. ఉద్యోగం చేస్తూ వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున వెళ్తే 150 వారాలు, దాదాపు మూడేళ్ళు. అది కూడా ఒక్క క్లాసూ మానకపోతే. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన అధికారులకు జపనీస్ నేర్పడానికి 88 వారాలు, 2200 గంటలు కేటాయిస్తుంది. అదే వాళ్ళ ఉద్యోగం, వేరే పని లేదు. (ఆ పట్టికలో తెలుగు కూడా ఉంది, 44 వారాలు. ఆ లెక్క ఇంగ్లీషువాళ్ళకు. తెలుగువాళ్ళకు జపనీస్ వాక్యం అంత కొత్తగా ఉండదు, క్రియ మనకులాగే చివర వస్తుంది, విభక్తులు మాట వెనక అంటుకుంటాయి. కాకపోతే నిత్యవ్యవహారానికి గుర్తించిన 2136 కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన లిపి గుర్తులు, ఎవరినీ వదలవు.)

నిబంధనలు కూడా ఎవరికి ఎంత భాష కావాలో వింతగా పంచాయి. జర్మనీలో నర్సుగా పనిచేయాలంటే సాధారణంగా బీ2 ఉండాలి. డాక్టరైతే సీ1 స్థాయి వైద్య భాషా పరీక్ష విడిగా ఉంటుంది. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే అనుమతి, దాని మీద వచ్చే ఇంజనీరుకు రావడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. స్థిర నివాసానికి కూడా ఏ1 ఉంటే 27 నెలలు, బీ1 ఉంటే 21 నెలలు. ఆరు నెలల తేడా కోసం వందల గంటలు ఎందుకు పెట్టాలనుకుంటే తప్పు పట్టలేం. ఆ ఇంజనీరు వెంట వచ్చిన భార్యకో భర్తకో కూడా భాషా పరీక్ష మినహాయింపే. వినడానికి వరం. కానీ ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసు ఇంజనీరుకుంది, ఇంట్లో ఉన్న మనిషికి లేదు. ఉద్యోగం వెతుక్కోవాలన్నా, బడి నుంచి వచ్చిన కాగితం చదవాలన్నా, పైవాళ్ళ పైపు కారుతోందని చెప్పాలన్నా స్థానిక భాషే కావాలి. అవసరం ఎక్కువున్న మనిషికి క్లాసులు ఆఖర్న వస్తాయి. కుటుంబంలో ఒకరి చదువుకే డబ్బూ తీరికా ఉంటే, ఇంట్లో ఉన్నవాళ్ళనే ముందు పంపాలి. ఉద్యోగస్తుడిని కాదు.

కష్టపడి నేర్చుకున్నా మరో అడ్డు. మీరు వాళ్ళ భాషలో మొదలుపెడతారు, మీ యాస వినగానే వాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు. నెదర్లాండ్స్‌లో, స్కాండినేవియా దేశాల్లో ఇది మామూలు. అవమానించాలని కాదు, పని తొందరగా అవుతుందని. మీరు సాధన కోసం మాట్లాడుతున్నారు, కౌంటర్లో ఉన్న మనిషి వెనకున్న క్యూ కోసం మాట్లాడుతోంది. కాబట్టి క్యూ లేని చోటు వెతుక్కోవాలి. పొద్దున్నే ఖాళీగా ఉండే లైబ్రరీ, వారానికోసారి వచ్చే పక్కింటి ముసలాయన, చిన్న పిల్లలు. కొన్నిచోట్ల నేర్చుకున్న భాషే వీధిలో వినిపించదు. స్విట్జర్లాండ్‌లో ప్రామాణిక జర్మన్ నేర్చుకుని ట్రామ్ ఎక్కితే చుట్టూ స్విస్ జర్మన్. నార్వేలో రాతకు రెండు అధికారిక రూపాలు, మాటకొస్తే ఎవరి ప్రాంతం యాస వారిదే.

భారమంతా వచ్చినవాళ్ళ మీదే వేయడం కూడా న్యాయం కాదు. 1995లో కోబే భూకంపం వచ్చినప్పుడు, అక్కడున్న విదేశీయులకు జపనీస్ హెచ్చరికలూ అర్థం కాలేదు, ఇంగ్లీషూ అందరికీ రాదు. ఆ అనుభవం నుంచి "యసాషీ నిహోంగో", అంటే తేలిక జపనీస్ అనే పద్ధతి పుట్టింది. "హినాన్" (సురక్షిత చోటికి తరలడం) అనే బరువైన మాటకు బదులు, మొదటి నెలలో నేర్చుకునే "నిగేరు", పారిపోవడం. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌కే టీవీ తెర మీద కంజీలు లేకుండా పెద్ద అక్షరాలతో "త్సునామీ! నిగేతే!" అని వేసింది. సునామీ! పారిపోండి! రెండే మాటలు. మొన్ననే దిగిన మనిషికీ అర్థమవుతుంది, ఆరేళ్ళ పిల్లాడికీ అర్థమవుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, నా వరుస పాఠ్యపుస్తకం వరుసలా ఉండదు. పలకరింపులు ఎలాగూ గాలిలోంచి వచ్చేస్తాయి. ముందు అరువు దొరకనివి నేర్చుకోవాలి. అర్ధరాత్రి అంబులెన్సుకు ఫోన్ చేసి చిరునామా చెప్పడం. యూరప్‌లో అయితే ఆ నంబరు 112. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి. తేదీలు, అంకెలు. ఉత్తరంలో "గడువు", "అభ్యంతరం", "రద్దు", "ఆఖరి నోటీసు" అనే మాటలకు ఆ దేశంలో ఏ పదాలు వాడతారో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకుంటే, పసుపు కవరు వచ్చిన రోజే మెలకువ వస్తుంది. ఆ తర్వాత "ఇప్పుడే సంతకం పెట్టను, ఇంటికి తీసుకెళ్ళి చదువుతాను" అన్న ఒక్క వాక్యం, తడబడకుండా.

వీటన్నిటికన్నా ముందు, అర్థం కానప్పుడు ఆపి అడగడం. ఇందులోనే ఎక్కువమంది తడబడతారు. మూడోసారి అడగాలంటే సిగ్గేసి, తలూపేసి వచ్చేస్తారు. 2015లో 12 భాషల మాటలను రికార్డు చేసి చూస్తే, మాతృభాషలో మాట్లాడుకునేవాళ్ళే సగటున నిమిషంన్నరకు ఒకసారి, కచ్చితంగా చెప్పాలంటే 1.4 నిమిషాలకు ఒకసారి, "ఏంటీ?", "ఎవరు?", "ఎక్కడికి?" అని ఒకరినొకరు ఆపి అడుగుతున్నారు. అన్నదమ్ములు, ఇరుగుపొరుగు, ఒకే ఊళ్ళో పుట్టినవాళ్ళు. వాళ్ళు అడిగే తీరులో కూడా ఒక పద్ధతి కనిపించింది. అంతా మళ్ళీ చెప్పమనరు, వినిపించని ముక్కను మాత్రమే అడుగుతారు. "అర్థం కాలేదు" అంటే అవతలి మనిషి ఇంగ్లీషులోకి మారిపోతుంది. "గురువారం, ఎన్నింటికి?" అంటే అదే భాషలో టైము మాత్రం చెబుతుంది. అదే బృందం అంతకు రెండేళ్ళ ముందు ఇంకో చిన్న సంగతి కూడా పట్టుకుంది. ఏమీ వినపడనప్పుడు నోటి నుంచి వచ్చే ఆ పొట్టి శబ్దం, మనం "ఆఁ?" అంటామే, అది ఒకదానికొకటి సంబంధం లేని భాషల్లో కూడా దాదాపు ఒకేలా ఉంది. విమానం దిగిన రోజు నుంచే మీకు వచ్చిన మాట అది.